మగ్గమునకు లెక్క చెప్పు బోర్డులు: ఏది కొనవలెను, ఏల?



మగ్గము మీద పేక పోగులు లెక్కించుటకు, అంచులోని కుంభము ఏ మెట్టున ఉన్నదో గుర్తు చేయుటకు చిన్న ఎలక్ట్రానిక్ సాధనము అమర్చుకొనవచ్చునా అని గంజాం జిల్లాలోని మన యువకులు అడుగుచున్నారు. ఆర్డుయినో, రాస్ప్‌బెరీ పై, మైక్రోబిట్, ఈఎస్‌పీ-32 అని పేర్లు మాత్రము అందరి నోటను వినబడుచున్నవి. వీనిలో ఏది గొప్పది అనునది మనకు అక్కరలేని ప్రశ్న. బరంపురములో, మన ఇంటి గుంట మగ్గము మీద, మన చేతిలోని సొమ్ముతో, చెడిపోయినపుడు మనమే బాగు చేసికొనగలిగినది ఏది అనునదే మన ప్రశ్న. ఈ పాఠము ఆ దృష్టితో వ్రాయబడినది.

మనకు ఇది కొత్త విద్య కాదు

యంత్రమునకు ఆజ్ఞ ఇచ్చు విద్య నేతగాని ఇంటిలోనే పెరిగినది. ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమున జోసెఫ్ మారీ జకార్డు 1804లో తన యంత్రమును సిద్ధపరచెను. అట్టలో రంధ్రమున్నచోట కొక్కెము లేచును, రంధ్రము లేనిచోట లేవదు. ఉన్నది, లేదు అను ఈ రెండు మాటలతోనే పూవులు, హంసలు, కుంభములు నేయబడుచున్నవి. నేటి కంప్యూటరునకు కూడ తెలిసినవి ఈ రెండు మాటలే. అమెరికాలో హెర్మన్ హోలెరిత్ 1890 నాటి జనాభా లెక్కలను రంధ్రముల అట్టలతోనే తేల్చెను. కావున జకార్డు అట్ట కుట్టగల మనిషికి ప్రోగ్రాము అనునది భయపడవలసిన వస్తువు కాదు.

దగ్గరి ఉదాహరణ ఒకటి చెప్పెదము. తెలంగాణమున ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము గారు, ఆసు పోయుటలో ఒక్క చీరకే వేలసార్లు చేయి ఆడించి భుజముల నొప్పితో బాధపడు తన తల్లి లక్ష్మి గారి కష్టము చూచి, 1999లో ఆసు యంత్రమును తయారుచేసిరి. తరువాతి కాలమున దానికి మైక్రోకంట్రోలరు చేర్చి మెరుగుపరచిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించెను. ఇందు గమనింపదగినది ఏమనగా, ఆయన మొదట కష్టము ఎక్కడ ఉన్నదో చూచిరి, ఎలక్ట్రానిక్ భాగము తరువాత వచ్చినది. మనమును ఆ క్రమమునే పాటింపవలెను.

పనిని ముందు కాగితము మీద వ్రాయుడు

ఏ సాధనమునకైనను మూడు భాగములుండును. జరిగినది తెలిసికొనుట ఒకటి, లెక్కించి గుర్తుంచుకొనుట రెండవది, మనకు తెలియజెప్పుట మూడవది. మీ మగ్గమునకు ఈ మూడింటిని విడివిడిగా వ్రాసికొనుడు.

తెలిసికొనుట: పోగు పడినదని బోర్డునకు ఎట్లు తెలియవలెను? నాడెను లెక్కించిన కుదరదు. ఒళ్ళు ఒక రంగు, అంచులు వేరు రంగుగా నేయు మూడు నాడెల పనిలో ఒక్క వరుసకు మూడు నాడెలు పోవును. అచ్చు బిగించిన పలకను లెక్కించిన కొంత మేలు, కాని కొందరు ఒక పోగునకు రెండు దెబ్బలు వేయుదురు. తొక్కుడు కర్రలు ఒకదాని తరువాత ఒకటి మారుట చూచిన ఇంకను మేలు. సాదా నేతలో కుడిది, ఎడమది మారినపుడే ఒకటిగా ఎంచినచో, ఒకే కర్రను రెండుమార్లు తొక్కినను లెక్క తప్పదు.

లెక్కించుట: పోగు పడినపుడు ఒకటి కలుపవలెను. తప్పు వచ్చి పోగు ఊడదీసినపుడు ఒకటి తీసివేయవలెను. కావున వెనుకకు మీట తప్పక ఉండవలెను. ఇది లేని లెక్క యంత్రము మొదటి రోజుననే మూలపడును.

చెప్పుట: పదునారు అక్షరముల, రెండు వరుసల చిన్న తెర అంగడిలో చౌకగా దొరకును. కాని దానిలో ఒక్కొక్క అక్షరమునకు ఉన్న చోటు అయిదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు మాత్రమే. మనము స్వంతముగా గీసి చేర్చుకొనదగిన గుర్తులు ఒకసారికి ఎనిమిది. తెలుగు గుణింతములు గాని, ఒడియా అక్షరములు గాని అందులో ఇముడవు. ఇంట తెలుగు, బడిలో ఒడియా చదివిన మన పిల్లలకు, ఏ బడికిని పోని పెద్దలకు కూడ తెలియునవి అంకెలు, రంగులు. ఎర్ర దీపము వెలిగిన అంచు నాడె మార్చవలెను, పచ్చ దీపము వెలిగిన ఒళ్ళు సాగింపవలెను అని పెట్టుకొనిన చాలును.

నాలుగు జాతుల సాధనములు

మార్కెట్టులోని సాధనములను నాలుగు జాతులుగా విభజింపవచ్చును.

మొదటి జాతి, కంప్యూటరునకు తోకవంటివి. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయమున పుట్టి 2001లో లోకమునకు తెలిసిన ఫిడ్జెట్లు ఇట్టివి. మీటలు, కొలత సాధనములు, మోటార్లు తీగతో కంప్యూటరునకు తగిలించుట సులభము, పని శుద్ధముగా ఉండును. కాని సాధారణముగా ప్రక్కన కంప్యూటరు నడుచుచుండవలెను. ప్రయోగశాలకు ఇది మంచిదే. గుంట మగ్గము ప్రక్కన కంప్యూటరును కూర్చుండబెట్టుట మనకు తగని ఖర్చు.

రెండవ జాతి, తమంతట తాము నడుచు చిన్న బోర్డులు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకు ఆర్డుయినో పుట్టినది. అంతకు ముందు 2003లో అక్కడనే హెర్నాండో బరగాన్ అను విద్యార్థి చేసిన వైరింగ్ అనునది దానికి దారి చూపినది. ఆర్డుయినో ఉనో అను బోర్డు 2010లో వచ్చినది. దాని మూడవ రూపము నేటికిని ఎక్కువగా వాడుకలో ఉన్నది. దానికి 14 అంకె పిన్నులు, 6 కొలత పిన్నులు గలవు. 5 వోల్టులతో నడుచును. ప్రోగ్రామునకు 32 కిలోబైట్ల చోటు మాత్రమే గలదు, కాని పోగులు లెక్కించుటకు అందులో కొద్ది భాగమే చాలును.

ఈ జాతిలోనిదే మైక్రోబిట్. 2016లో బీబీసీ వారు బ్రిటన్ బడిపిల్లలకు పంచిపెట్టినది. 25 చిన్న దీపములు, రెండు మీటలు, కదలికను పసిగట్టు భాగము బోర్డు మీదనే ఉండును. పలక కుదుపును అదే గ్రహింపగలదు, వేరే మీట అవసరముండదు. నేర్చుకొనుటకు ఇంతకన్న తేలికైనది లేదు. అయితే దీని అంచునకు తీగలు గట్టిగా పట్టవలెనన్న వేరొక పట్టీ కొనవలెను.

షాంఘై నగరపు ఎస్‌ప్రెసిఫ్ సంస్థ 2016లో తెచ్చిన ఈఎస్‌పీ-32 మరియొకటి. వైఫై, బ్లూటూత్ దీనిలోనే గలవు. 2021లో వచ్చిన రాస్ప్‌బెరీ పై పికో కూడ ఇట్టి చౌక బోర్డే. ఈ రెండును 3.3 వోల్టులవి. ఉనో పంపు 5 వోల్టులను వీని పిన్నులకు నేరుగా తగిలించిన బోర్డు చెడిపోవును. ఒక జాతి తీగలను మరియొక దానికి తగిలించు ముందు ఈ సంగతి మరువరాదు.

మూడవ జాతి, అరచేతిలో ఇముడు పూర్తి కంప్యూటర్లు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకమునకు వచ్చిన రాస్ప్‌బెరీ పై దీనిలో ముఖ్యమైనది. నమూనాలు చూపుటకు, బొమ్మలు గీయుటకు, సంఘపు లెక్కలు ఉంచుటకు ఇది తగును. కాని దీని పిన్నులకు నేరుగా కొలత తెలిసికొను శక్తి లేదు, లేచి పనికి సిద్ధమగుటకు సమయము పట్టును. అన్నిటికన్న ముఖ్యము, వ్రాయుచుండగా హఠాత్తుగా కరెంటు పోయినచో దాని జ్ఞాపకపు కార్డు పాడగు ప్రమాదము కలదు.

నాలుగవ జాతి, కర్మాగారములలోని పీఎల్‌సీలు. 1960ల చివర అమెరికాలో కార్ల కర్మాగారముల కొరకు పుట్టినవి. 24 వోల్టులతో నడుచును, ధూళికి, కుదుపునకు ఓర్చును. రంగు వేయు చోట వేడినీటి తొట్టెలకు సంఘము వాడదలచిన ఆలోచింపవచ్చును. ఒక్క మగ్గమునకు ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రము.

బరంపురపు గాలి, బరంపురపు కరెంటు

బోర్డును పరీక్షించునది మన వాతావరణము. గోపాలపురపు సముద్రము మనకు చేరువ. ఉప్పుగాలి రాగి తీగను పచ్చబరచును. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గరనే తీరము దాటినది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినది. కరెంటు పోయినను చేతి మగ్గము ఆగదు, అది మన బలము. మగ్గము నడుచుచుండగా లెక్క యంత్రము మాత్రము ఆగిపోయిన దానివలన ప్రయోజనమేమి? కావున బ్యాటరీతో నడుచునదే మనకు కావలెను. ఉనో సుమారు 50 మిల్లీ ఆంపియర్ల కరెంటు త్రాగును. రాస్ప్‌బెరీ పై 4 వంటిది కొన్ని వందలు త్రాగును. ఒకటి దివిటీ వంటిది, రెండవది పెట్రోమాక్సు వంటిది.

వెలుగుతో పసిగట్టు కళ్ళకు పట్టు నూగు, దుమ్ము పట్టి గ్రుడ్డివగును. అయస్కాంతపు స్విచ్చి గాజు గొట్టములో మూయబడి ఉండును గనుక దుమ్మునకు చెడదు. దానిని తొక్కుడు కర్ర ప్రక్కన బిగించి, కర్రకు చిన్న అయస్కాంతము అంటించిన చాలును.

తెలియక పోయిన లెక్క తప్పు రెండు సంగతులు

మొదటిది మీట ఎగురుట. ఏ స్విచ్చి అయినను మూసికొనునపుడు సెకనులో వేయవ వంతుల కాలమున పలుమార్లు తగిలి విడిపోవును. మన కంటికి ఒక్కసారి, బోర్డునకు నాలుగు సార్లు. పోగు ఒక్కటి పడగా లెక్క నాలుగు చూపును. దీనికి మందు, ఒకసారి తగిలిన పిమ్మట 50 మిల్లీసెకనుల వరకు మరల తగిలినను పట్టించుకొనవద్దని ప్రోగ్రాములో వ్రాయుట. ఎంత చురుకైన చేయి అయినను అంత తక్కువ కాలములో రెండవ పోగు వేయలేదు గనుక నష్టము లేదు.

రెండవది జ్ఞాపకము అరిగిపోవుట. కరెంటు పోయినను లెక్క నిలుచుటకు ఉనోలో వేయి బైట్లకు మించిన శాశ్వత జ్ఞాపకము గలదు. కాని ఒక్కొక్క గదికి సుమారు లక్ష వ్రాతల వరకే తయారీదారుల భరోసా. ఇపుడు లెక్క చూడుడు. ఆరు గజముల చీర 216 అంగుళములు. అంగుళమునకు 60 పోగులని ఎంచిన చీరకు 12,960 పోగులు. ప్రతి పోగునకు ఒకే గదిలో వ్రాసినచో ఎనిమిదవ చీర పూర్తికాకమునుపే ఆ లక్ష ముగియును. ప్రతి 50 పోగులకు ఒకసారి వ్రాసినచో చీరకు సుమారు 260 వ్రాతలు, అనగా 380 చీరలకు పైగా వచ్చును. కరెంటు పోయిన పోవునది 49 పోగులకు మించదు, అది అంగుళము కూడ కాదు. కొన్నవారు ఈ లెక్క అమ్మినవారిని అడుగుట మంచిది.

దీపములు తగిలించునపుడు మరియొక జాగ్రత్త. ఉనో ఒక పిన్ను నుండి 20 మిల్లీ ఆంపియర్లకు మించి లాగరాదు. చిన్న దీపమునకు వరుసగా 220 ఓముల నిరోధకము పెట్టిన ఎర్రదీపము సుమారు 14 మిల్లీ ఆంపియర్లతో వెలుగును.

జకార్డునే మార్చవచ్చునా?

ఇంత చిన్న బోర్డు అట్టలకు బదులు కొక్కెములనే ఎత్తదా అని కొందరి ఆశ. ఎలక్ట్రానిక్ జకార్డు లోకములో ఉన్నది. బ్రిటన్‌కు చెందిన బోనాస్ సంస్థ 1983లో మిలాను ప్రదర్శనములో దానిని చూపెను. కాని లెక్క వేయుడు. మన జకార్డుకు 240 కొక్కెములున్నవనుకొందము. ఉనోకు ఉన్నవి మొత్తము 20 పిన్నులు. ఎనిమిదేసి దారులు కల్పించు చిప్పులు వాడిన 30 చిప్పులు కావలెను. ఆ పైన ఒక్కొక్క కొక్కెమును పట్టుటకు ఒక విద్యుదయస్కాంతము, దానికి ఒక ట్రాన్సిస్టరు, అన్నిటికి సరిపడు కరెంటు. బోర్డు ఖరీదు కొన్ని వందల రూపాయలు కావచ్చును, దాని చుట్టు కావలసినవి దానికి అనేక రెట్లు అగును. చౌక బోర్డును చూపి చౌక జకార్డు వచ్చునని చెప్పువారి మాట నమ్మవలదు.

ఇందులో చట్టపు సంగతి కూడ గలదు. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము ప్రకారము మరమగ్గము కాని మగ్గమే చేతి మగ్గము. విద్యుత్తు మొదలగు శక్తితో నడుచునది మరమగ్గము. పోగులు లెక్కించు బోర్డు మగ్గమును నడుపదు, కాళ్ళు, చేతులు మనవే. కావున దానివలన మనకు చిక్కు ఉండదని మా అభిప్రాయము. కాని కొక్కెములనే కరెంటుతో ఎత్తించుటకు పూనుకొనువారు ముందుగా భువనేశ్వరములోని వీవర్స్ సర్వీస్ సెంటరును, చేనేత శాఖను అడిగి వ్రాతమూలకమైన సమాధానము తీసికొనవలెను. 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు, బరంపురం పట్టు ఫోడ కుంభ చీరకు, జోడకు లభించిన భౌగోళిక గుర్తింపు మన ఇంటి పేరువంటివి. సౌకర్యము కొరకు వానిని పందెము పెట్టరాదు.

లెక్క ఎవరిది?

సాధనముల పోలికలో సాధారణముగా ఎవరును వ్రాయని సంగతి ఇది. ఈఎస్‌పీ-32 వంటి బోర్డు ప్రతి పోగును వైఫై ద్వారా దూరమున ఉన్న వారికి చెప్పగలదు. నేతగాడు ఎపుడు లేచెను, ఎపుడు ఆగెను, బిడ్డకు పాలిచ్చుటకు తల్లి ఎంతసేపు మగ్గము దిగెను, అన్నియు ఎవరో చూచుచుందురు. కూలి లెక్కకు ఉపకరించు అంకె క్రమముగా కూలి కోతకు సాకు కావచ్చును. అదే అంకె మగ్గము మీదనే కనబడుచు, నేతగాని పుస్తకములో అతని చేతనే వ్రాయబడినచో, తూకములోను కొలతలోను తగవు వచ్చిన వేళ అతనికి సాక్ష్యమగును. సాధనము ఒక్కటే, ఫలితము రెండు విధములు. అందుచేత ఏ సంఘమైనను లెక్క బోర్డులు పెట్టదలచినచో, లెక్క ఎవరు చూడవచ్చునో, ఎంతకాలము ఉంచవచ్చునో సర్వసభ్య సమావేశములో తీర్మానించి, పిమ్మటనే కొనవలెను. వైఫై అవసరము లేని పనికి వైఫై లేని బోర్డే మంచిది.

మూసిన పెట్టె, తెరచిన పెట్టె

గూగుల్ సంస్థ 2015లో జకార్డు పేరునే పెట్టి ఒక పథకము ప్రకటించెను. విద్యుత్తు ప్రవహించు నూలుతో నేసిన గుడ్డను వ్రేలితో తాకిన ఫోను పలుకును. 2017లో లీవైస్ వారితో కలిసి చొక్కా వంటి కోటు అమ్మకమునకు తెచ్చిరి. నేత గొప్పదే. కాని దానిని నడుపు ఫోను ప్రోగ్రామును 2023లో ఆ సంస్థ నిలిపివేసెను. గుడ్డ చిరగలేదు, పని పోయినది. 2007లో లియా బ్యూక్లీ గారి కృషితో వచ్చిన లిల్లీప్యాడు బోర్డు కూడ బట్టకు కుట్టునదే. దాని పటము అందరికి అందుబాటులో ఉన్నది గనుక ఎవరైనను మరల చేసికొనగలరు. ఉనో పటము కూడ అట్లే బహిరంగము. ఒక దుకాణము మూతపడినను మరియొక చోట అటువంటిదే దొరకును. వందల ఏండ్లుగా ఒక మగ్గము చెడిన ఊరి వడ్రంగి బాగు చేసినట్లు, బోర్డు చెడిన ఊరి కుర్రవాడు బాగు చేయగలుగవలెను.

మా సలహా

నేర్చుకొనుటకు మైక్రోబిట్ గాని ఉనో గాని తీసికొనుడు. మగ్గము మీద బిగించుటకు ఉనో జాతి బోర్డు, రెండు అయస్కాంతపు స్విచ్చీలు, వెనుకకు మీట, నాలుగు అంకెల తెర, రెండు దీపములు, బ్యాటరీ చాలును. నాలుగు అంకెల తెర 9,999 దాటి చూపదు గనుక, చీర మొత్తమునకు కాక అంగుళములుగా లెక్క చూపించుట మేలు. రాస్ప్‌బెరీ పైని సంఘపు గదిలో, నమూనాల పనికి ఉంచుడు. పీఎల్‌సీని రంగుల ఇంటికి వదలుడు.

2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్న బడులలో మన పిల్లలకు ఈ బోర్డులతో పరిచయము కలుగుచున్నది. బరంపురం ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రానిక్ పని నేర్చిన యువకులున్నారు. వారిని మగ్గము దగ్గరకు పిలిచి, ఒక పూట కూర్చుండబెట్టి, పని చూపుడు. బోర్డు సంగతి వారికి తెలియును, పోగు సంగతి మీకు తెలియును.

మొదట ఒక్క మగ్గమునకు మాత్రమే పెట్టి, ఒక చీర పూర్తియగు వరకు చేతి లెక్కను ప్రక్కన వ్రాయుచు పోల్చుడు. రెండు లెక్కలు కలిసిన పిమ్మట రెండవ మగ్గము మాట తలపెట్టుడు. అమ్మవచ్చిన వారిని ఈ అయిదు ప్రశ్నలు అడుగుడు: కరెంటు పోయిన లెక్క నిలుచునా? ఊడదీసిన పోగును తగ్గించునా? చెడిన భాగము బరంపురములో దొరకునా? ప్రోగ్రాము ప్రతి మాకు ఇత్తురా? లెక్క మగ్గము దాటి ఎక్కడికైనను పోవునా? అయిదింటికి తృప్తికరమైన జవాబు వచ్చినచో కొనుడు. ఒక్కదానికి రాకున్నను, ఆ సొమ్ముతో మంచి పట్టు కొనుట లాభము.